కార్బురేటర్ నిదానం

మొన్న ఉగాది కలయిక ముగిసి, మిగిలిన పులిహోర పొట్లాలు చేతబట్టుకొని అందరం బయటికి వచ్చేసరికి, హాలు వెనుక కార్లు నిలిపే చోట ఒక ఆకుపచ్చ ఎం.జి.బి. చుట్టూ గుంపు చేరి ఉంది. 1972 నాటి బండి. మన సభ్యుల్లో ఒకరి అబ్బాయి ముచ్చటపడి కొని, రెండేళ్ళపాటు శని ఆదివారాలు ధారపోసి బాగు చేసుకొన్నది. ఉదయం బుద్ధిగా వచ్చిన బండి సాయంత్రం మొరాయించింది. గుంపులో ఆరుగురు డాక్టర్లు, ఇద్దరు ఇంజనీర్లు, ఒక చార్టర్డ్ అకౌంటెంటు. తొమ్మిదిమందీ ఏకకంఠంతో "కార్బురేటరే!" అన్నారు. అప్పటికింకా ఎవరూ బానెట్ ఎత్తి చూడలేదు.

ఆ బండి సంగతి చివర చెబుతాను. అక్కడ నేను వేసిన వేషం చూసి మన సంపాదకులు "పాత కార్ల మీద మీకున్న పిచ్చిని రెండు పేజీల్లో పెట్టండి" అన్నారు. రెండు దాటితే తప్పు అడిగినవారిది.

రోగమేదో తేల్చడాన్ని ఆయుర్వేదంలో నిదానం అంటారు. మాధవ నిదానం పేరు మన తాతల తరం వైద్యులందరికీ తెలుసు. తొందరపడకపోవడాన్నీ మనం నిదానమనే అంటాం. ఈ రెండో నిదానం లేకనే నేను మొదటిదాంట్లో పప్పులో కాలేశాను.

1974లో నేను లాంకషైర్‌లో ఒక కొండ కింది ఊళ్ళో ప్రసూతి విభాగంలో పనిచేస్తున్నాను. నా మొదటి కారు 1963 నాటి మోరిస్ మైనర్, 1098 సి.సి. ఇంజను. ఆసుపత్రి కొండకు ఇటు, నా అద్దె ఇల్లు అటు. ఇంట్లో బయలుదేరినప్పుడు బండి గుర్రంలా వెళ్ళేది. ఇరవై నిమిషాలు నడిచి, వేడెక్కి, ఎత్తు ఎక్కడం మొదలుపెట్టగానే దగ్గడం, కుదపడం, చివరికి ఆగిపోవడం. పావుగంట ఆగితే మళ్ళీ మామూలే.

వేడెక్కితే ఆగడం, చల్లబడితే నడవడం. ఈ లక్షణాలు నాకు చిన్నప్పటినుంచి తెలుసు! ఎండాకాలంలో విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే అంబాసిడర్ టాక్సీలు సూర్యాపేట చేరేలోగా ఇలాగే ఆగేవి. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేవాడు. ఇంజనుకు ఆనుకొని ఉన్న పంపు, దానికి వచ్చే గొట్టం కాగిపోయి లోపల పెట్రోలు ఆవిరయ్యేది. ఆ పంపు ద్రవాన్ని తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. తడిగుడ్డ దానికి సరైన మందు. కనుక నేను కూడా నా మైనర్‌కు తడిగుడ్డ వేశాను. ఫిబ్రవరి నెలలో, లాంకషైర్‌లో, వేళ్ళు కొంకర్లు పోతుండగా. పైగా మైనర్‌లో ఉన్నది ఇంజను వేడి తగిలే పంపు కాదు, డాష్ గోడకు బిగించిన కరెంటు పంపు.

గుడ్డ పనిచేయకపోయేసరికి కార్బురేటర్ మీద పడ్డాను. జెట్ నట్టును ఇటు తిప్పాను, అటు తిప్పాను. గాలనుకు నలభై మైళ్ళిచ్చే బండి ఇరవై ఎనిమిదికి దిగింది. ఒక గ్యారేజీలో పట్టుబట్టి కార్బురేటర్ మార్పించాను. వాళ్ళు వద్దన్నారు, వినలేదు. తర్వాత ఒక రాత్రి ఆసుపత్రినుంచి ఫోన్ వచ్చింది. ప్రసవమై రక్తస్రావం ఆగని తల్లి. బయలుదేరిన నేను కొండ మీద చీకట్లో, కొత్త కార్బురేటర్‌తో, నలభై నిమిషాలు ఆగిపోయాను. నేను చేరేసరికి నా పైఅధికారి ఇంటినుంచి వచ్చి నా పని చేసి చేతులు కడుక్కుంటున్నాడు. ఆమె బతికింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

మర్నాడు మా ఆసుపత్రి బాయిలర్ రూములో పనిచేసే ఒక ముసలాయన, యుద్ధకాలంలో సైన్యపు లారీలు బాగుచేసినవాడు, "ఒకసారి చూడనీ డాక్" అని వచ్చాడు. కార్బురేటర్ వంక కన్నెత్తి చూడలేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కాలి గుంటలు పడ్డ పాయింట్లు చూపించాడు. పక్కనే బొటనవేలంత లేని కండెన్సర్‌ను విప్పి జేబులోంచి ఇంకొకటి వేశాడు. వేడెక్కినప్పుడు లోపల తెగిపోయి, చల్లబడితే అతుక్కునే కండెన్సర్. నిప్పురవ్వ బలహీనపడి, ఎత్తు ఎక్కేటప్పుడు సరిగ్గా అవసరమైనప్పుడే ఇంజను వదిలేసేది. ఖరీదు అర పౌండు కూడా లేదు. "కార్బురేటర్ జబ్బులు పదింటిలో తొమ్మిది డిస్ట్రిబ్యూటర్‌లోనే ఉంటాయి" అన్నాడాయన. ఈ మాట తర్వాత ఎందరో పాత మెకానిక్కుల నోట విన్నాను గాని, దానికి మూల్యం ఎక్కువ చెల్లించినవాడిని నేనే అనుకుంటాను.

నింద ఎప్పుడూ కార్బురేటర్ మీదే ఎందుకు పడుతుంది? కంటికి కనిపిస్తుంది, స్క్రూలుంటాయి, తిప్పితే ఇంజను చప్పుడు మారుతుంది. మారితే ఏదో సాధించినట్టుంటుంది. కాని ఈ దేశపు కార్లలో ఎక్కువగా వాడిన ఎస్.యు. కార్బురేటర్ చరిత్ర చూస్తే, దాన్ని చేసినవారు తిప్పవలసిన స్క్రూలు తగ్గించడానికే పూనుకొన్నారని తెలుస్తుంది.

ఎస్.యు. అంటే స్కిన్నర్స్ యూనియన్. స్కిన్నర్ల కుటుంబం చెప్పుల వ్యాపారులు. లిల్లీ అండ్ స్కిన్నర్ దుకాణాలు ఒకప్పుడు లండన్‌లో పేరున్నవి. ఆ ఇంటి అబ్బాయి జార్జి హెర్బర్ట్ స్కిన్నర్‌కు మోటారు పిచ్చి. 1904, 1905 ప్రాంతాల్లో అతను ఒక కార్బురేటర్ చేశాడు. 1910లో తమ్ముడు టామస్ కార్లైల్ స్కిన్నర్‌తో కలిసి సాగించిన పని కంపెనీగా ఏర్పడింది. 1926లో దాన్ని మోరిస్ కార్ల యజమాని డబ్ల్యు.ఆర్. మోరిస్ సుమారు లక్ష పౌండ్లకు కొన్నాడు. మోరిస్, వోల్స్‌లీ, ఎం.జి. బండ్లలో తర్వాత మనం చూసే కార్బురేటర్ కథ అక్కడినుంచి వచ్చిందే.

అతను చేసిన పనిలో తెలివి ఏమిటో చెబుతాను. తూకంలో ఒక వంతు పెట్రోలుకు సుమారు పదిహేను వంతుల గాలి కలిస్తే ఇంజనులో సరిగా మండుతుంది. నిలబడి తిరుగుతున్నప్పుడు ఇంజను పీల్చే గాలి కొద్ది, పరుగెత్తేటప్పుడు ఎన్నో రెట్లు. గొంతు ఒకే సైజుగా ఉన్న కార్బురేటర్లలో ఈ తేడా సర్దడానికి ఒక్కో స్థితికి ఒక్కో జెట్ కావాలి: నిలకడకు ఒకటి, పరుగుకు ఒకటి, యాక్సిలరేటర్ హఠాత్తుగా తొక్కినప్పుడు చిమ్మడానికి ఒక చిన్న పంపు. సోలెక్స్, జెనిత్ లాంటివి ఈ రకం. స్కిన్నర్ గొంతునే మార్చాడు. ఇంజను పీల్పు ఎంతుంటే గొంతు అంత తెరుచుకొనేలా పైన ఒక పిస్టన్ పెట్టాడు. పిస్టన్ అడుగున మొన వైపు సన్నబడే సూది, ఆ సూది దిగే ఒకే ఒక జెట్. పిస్టన్ లేచినకొద్దీ సూది పైకి వచ్చి, జెట్‌లో ఖాళీ పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. అంతే యంత్రం.

మొట్టమొదటి నమూనాల్లో పిస్టన్ లేదు, దాని స్థానంలో తోలు తిత్తి ఉండేది. మన కమ్మరి కొలిమి తిత్తి లాంటిదే, చిన్నది. చెప్పుల ఇంటి అబ్బాయికి తోలు తట్టడంలో వింతేముంది! కొన్నేళ్ళకు తిత్తి పోయి ఇత్తడి పిస్టన్ వచ్చింది.

సూది మీద ఎంత శ్రద్ధ అంటే, ప్రతి అంగుళంలో ఎనిమిదో వంతుకు ఒకసారి దాని లావును వెయ్యో వంతు అంగుళాల్లో కొలిచి పట్టికలు వేశారు. ఒక్కో ఇంజనుకు ఒక్కో కొలత, అక్షరాల గుర్తులతో కొన్ని వందల రకాలు. కార్బురేటర్ పేరులోని అంకెకు కూడా అర్థముంది. హెచ్.ఎస్. 2 అంటే అంగుళం మీద రెండు ఎనిమిదో వంతులు, అంటే అంగుళంపావు గొంతు. హెచ్.ఎస్. 4 అంటే అంగుళంన్నర. ఎం.జి.బి.కి రెండు హెచ్.ఎస్. 4లు. నా మైనర్‌కు ఒకటే హెచ్.ఎస్. 2.

పరీక్షలు కూడా మన వైద్యంలో చేసేలాంటివే, చెవితో, వేలితో. ఇంజను ఆపి పిస్టన్‌ను పైకెత్తి వదిలితే "టక్" మని లోహం లోహాన్ని తాకిన చప్పుడు రావాలి. రాకపోతే సూది జెట్ అంచుకు రాసుకుంటోందన్నమాట. వేడెక్కిన ఇంజను నడుస్తుండగా పిస్టన్‌ను అంగుళంలో ముప్ఫైరెండో వంతు ఎత్తాలి. దానికి పక్కనే ఒక చిన్న పిన్ను ఉంటుంది. ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, వెంటనే పడిపోతే తక్కువ, ఒక్క క్షణం కొద్దిగా పెరిగి సర్దుకుంటే సరి. తక్కువైతే జెట్ నట్టును ఒక్క ముఖం కిందికి, ఎక్కువైతే ఒక్క ముఖం పైకి. నట్టుకు ఆరు ముఖాలు. నేను 1974లో ఒకేసారి రెండు చుట్లు తిప్పినవాణ్ణి. రెండు కార్బురేటర్లున్న బండికి మరో పరీక్ష ఉంది: రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస ఒక్కో కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి బుసను పోల్చడం. స్టెతస్కోపు మెడలో వేసుకొని బతికిన మనవాళ్ళకు ఇది నేర్పనక్కరలేదు.

పిస్టన్ పైన గిన్నెలో కాస్త నూనె ఉంటుంది, దాన్నీ మరచిపోరాదు. యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ ఒక్కసారి ఎగిరిపోకుండా ఆ నూనె క్షణకాలం పట్టి ఉంచుతుంది. ఆ క్షణంలో పీల్పు పెరిగి పెట్రోలు చిక్కబడి ఇంజను అందుకుంటుంది. నూనె ఎండిపోతే తొక్కినప్పుడు బండి ఒక గుటక మింగి ఆలోచిస్తుంది. మరీ చిక్కని నూనె పోస్తే పిస్టన్ లేవడానికి బద్ధకించి నల్లపొగ. ఈ గుటక జబ్బుకు సూదులు మార్పించినవారిని ఎరుగుదును. నాలుగు చుక్కల నూనెతో పోయేది.

అయితే ఇవన్నీ ఆఖర్న చేయవలసినవి. ముందు వాల్వుల సందు చూడాలి. మైనర్ ఇంజనుకు అంగుళంలో వెయ్యింట పన్నెండు వంతులు. తర్వాత నిప్పురవ్వ: పాయింట్ల సందు వెయ్యింట పదిహేను, ప్లగ్గులు, కండెన్సర్, టైమింగు. మానిఫోల్డ్ దగ్గర గాలి దొంగతనంగా దూరుతోందేమో తర్వాత చూడాలి. అవన్నీ సరిగ్గా ఉన్నాకే కార్బురేటర్ మీద చేయి వేయాలి. ఎందుకంటే ఎస్.యు. ఇంజను పీల్పును బట్టి నడుచుకొనేది. పీల్పే తప్పుగా ఉంటే అది తప్పుగా స్పందిస్తుంది, మనం దాన్నే దోషిగా పట్టుకుంటాం.

కార్బురేటర్ నిజంగా దోషి అయిన సందర్భాలు లేవని కాదు. ఈ దేశపు చలి తడిగాలికి సంబంధించిన జబ్బు ఒకటుంది, మన ఊళ్ళలో ఎవరూ ఎరగనిది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ వేడిని లాగేసుకుంటుంది. బయట నాలుగైదు డిగ్రీలుండి గాలి తేమగా ఉంటే, కార్బురేటర్ గొంతులో ఆ తేమ మంచుగా గడ్డకడుతుంది. హైవే మీద బండి మెల్లగా నీరసించి ఆగిపోతుంది. దిగి, బానెట్ ఎత్తి, టార్చి వేసి చూసేలోగా ఇంజను వేడికి మంచు కరిగిపోతుంది. ఏమీ కనిపించదు, బండి మళ్ళీ నడుస్తుంది.

1959 ఆగస్టులో విడుదలైన మినీ కథ ఇక్కడ చెప్పాలి. అలెక్ ఇసిగోనిస్ ఇంజనును అడ్డంగా పెట్టి చేసిన ఆ చిన్న కారు మొదటి నమూనాల్లో కార్బురేటర్ ముందువైపు, చలిగాలికి ఎదురుగా ఉండేది. మంచు పట్టేది. దాంతో ఇంజనునే వెనక్కి తిప్పేశారు. గేర్ల అరుగుదల కూడా ఆ మార్పుకు ఒక కారణమని చెబుతారు గాని, మంచు బాధ అందరూ చెప్పుకొన్న కారణం. కార్బురేటర్ వెనక్కి, వెచ్చని చోటికి వెళ్ళింది. వెనకనున్న డిస్ట్రిబ్యూటర్ ముందుకు, సరిగ్గా గ్రిల్ వెనక్కి వచ్చింది. మొదటి మినీలు కొన్నవారు వాన వచ్చినప్పుడల్లా రోడ్డు పక్కన నిలబడ్డారు. డిస్ట్రిబ్యూటర్ మీదికి నీళ్ళు! తర్వాత అడ్డుగా కవచాలు పెట్టారు. అంతకుముందే జనం రబ్బరు గ్లౌజు తొడిగి, వేళ్ళ చివరలు కత్తిరించి, ప్లగ్గు వైర్లు వాటిలోంచి లాగేవారు. మా ఆసుపత్రి మినీల్లో ఏడున్నర సైజు సర్జికల్ గ్లౌజులు ఉండేవి. అవి ఎక్కడినుంచి వచ్చాయో ఎవరూ అడగలేదు.

కార్బురేటర్ నిదానంలో అన్నిటికన్నా ప్రాణాంతకమైన కేసు మాత్రం కారుది కాదు, విమానానిది. 1940లో బ్రిటన్ మీద జర్మనీ వైమానికదాడులు చేసినప్పుడు స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల్లో ఉన్న రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజనుకు ఎస్.యు. కంపెనీ కార్బురేటరే ఉండేది. ఇందాక చెప్పిన పిస్టన్ నమూనా కాదది, వేరే రకం. కాని పెట్రోలు మట్టాన్ని తేలే ఫ్లోటుతోనే అదుపు చేసేది. ఎదుటి మెసర్‌ష్మిట్ 109 ఇంజనులో కార్బురేటర్ లేదు, పెట్రోలు నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఏర్పాటు. కాబట్టి జర్మన్ పైలట్ ముక్కు కిందికి వంచి ఝామ్మని దిగిపోయేవాడు. వెంబడించిన స్పిట్‌ఫైర్ అలాగే వంగితే ఇంజను దగ్గి ఆగేది. ఆ కొన్ని సెకన్లలో శత్రువు చేజారేవాడు, లేదా వెనక్కి వచ్చేవాడు. మన పైలట్లు ముందు విమానాన్ని బోర్లా తిప్పి ఆ తర్వాతే దిగడం అలవాటు చేసుకొన్నారు. ('మన' అనే రాశాను. యాభై ఏళ్ళు దాటాక అలా వస్తుంది.)

చూస్తే పెట్రోలు అందక ఆగినట్టే ఉంటుంది. మొదటి క్షణం నిజంగా అంతే. విమానం హఠాత్తుగా వంగితే పెట్రోలు గిన్నె పైభాగానికి ఎగిరి జెట్లు ఖాళీ అవుతాయి. ఆ లోటు క్షణికం. అసలు హాని తర్వాతిది. ఫ్లోట్లు తప్పుడు స్థానానికి పోయి కవాటం బార్లా తెరుచుకుంటుంది, పంపు పూర్తి బలంతో తోస్తుంది, ఇంజను పెట్రోలులో మునిగి ఉక్కిరిబిక్కిరవుతుంది. లోటు కనిపిస్తుంది, చంపేది ముంపు. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో బియట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు దీనికి చేసిన మందు చూడండి: నడుమ రంధ్రమున్న చిన్న లోహపు బిళ్ళ. ఇంజను పూర్తి శక్తితో తిరిగినప్పుడు ఎంత పెట్రోలు కావాలో సరిగ్గా అంతే పోనిచ్చే రంధ్రం. పెట్రోలు గొట్టంలో అది బిగిస్తే ముంపు అసాధ్యం. విమానాన్ని పనిలోంచి తీయకుండానే అమర్చవచ్చు. 1941 మొదటి నెలల్లో ఆమె తన బృందంతో విమానస్థావరాలకు తిరిగి వాటిని పెట్టించింది. మొదటి క్షణపు దగ్గు మిగిలే ఉంది. అది పోవడానికి ఒత్తిడితో పనిచేసే కొత్త రకం కార్బురేటర్లు రావలసి వచ్చింది. కాని ఆ రెండేళ్ళు ఆ బిళ్ళ నెట్టుకొచ్చింది.

ఈమె 1934లో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో నార్టన్ మోటారుసైకిలు మీద గంటకు నూరు మైళ్ళు దాటిన మనిషి. ఇంజను దగ్గును ముఖం మీద గాలితోపాటు విన్నది. ఆమె మందు రెండు రకాల దగ్గును విడదీసి చూడడంలోంచి పుట్టిందనే నాకనిపిస్తుంది.

మన అంబాసిడర్ సంగతి క్లుప్తంగా: అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ బండికి బెంగాలులోని ఉత్తర్‌పారాలో పుట్టిన తమ్ముడు. 1950ల చివర మొదలై 2014 మేలో ఆగింది. అంటే ఇక్కడ నేను మైనర్ మీద నేర్చుకొన్న విద్య సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు చాలావరకు పనికొచ్చేది. అక్కడి మెకానిక్కులు నాకన్నా ఎంతో ముందున్నారనుకోండి. "మిస్సింగ్ ఇస్తోంది" అంటే చాలు, వాళ్ళు మొదట ప్లగ్గులే విప్పేవారు.

1993 నాటికి ఐరోపాలో కొత్త కార్లకు కాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి కావడంతో కార్బురేటర్ కాలం ముగిసింది. నేను దానికి కన్నీరు కార్చను. జనవరి ఉదయాల్లో చోక్ లాగి దేవుణ్ణి తలచుకోవడం ఎవరికి కావాలి? పాత బండ్లు ఉంచుకొన్నవారికి మాత్రం జబ్బుల జాబితా పెరిగింది. 1999 చివరితో ఇక్కడ సీసం కలిసిన పెట్రోలు మామూలు అమ్మకం ఆగింది. సీసం వాల్వు సీట్లకు ఇచ్చే రక్షణ పోయింది. 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది, తేమను పీల్చుకుంటుంది, మిశ్రమాన్ని కొద్దిగా పలచన చేస్తుంది. ప్లగ్గు రంగు చూసి చెప్పే పాత విద్య కూడా పూర్వంలా నమ్మదగినది కాదు. కాబట్టి ఈ రోజుల్లో నిలిపి ఉంచిన బండి మొరాయిస్తే ముందు గొట్టాలు చూడండి. పెట్రోలు కారే గొట్టం నిప్పుకు దారి. అది ట్యూనింగు సమస్య కాదు.

ఇక ఉగాది నాటి ఎం.జి.బి. అబ్బాయి అప్పటికే స్పానరు తీసి జెట్ నట్టు మీద పెట్టాడు. "నాయనా, అది దించు. ఒక్కసారి తాళం తిప్పు, స్టార్టు చేయకు" అన్నాను. తిప్పాడు. "అందరూ ఒక్క నిమిషం మాట్లాడకండి" అన్నాను. మన సంఘంలో ఇది కష్టమైన కోరిక. అయినా ఆగారు.

నిశ్శబ్దం. ఈ బండ్లలో తాళం తిప్పగానే వెనకనుంచి పెట్రోలు పంపు టిక్ టిక్ మనాలి. కార్బురేటర్ల గిన్నెలు నిండాక ఆగాలి. ఆగకుండా కొట్టుకుంటే ఎక్కడో కారుతోంది, లేదా టాంకు ఖాళీ. అసలు మాట్లాడకపోతే పంపులోని పాయింట్లు పట్టేశాయి.

పట్టుపంచె ఎగగట్టి, వెనుక కుడిచక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, స్క్రూడ్రైవరు పిడితో పంపును రెండుసార్లు తట్టాను. మూడోసారి కాస్త గట్టిగా. టిక్. టిక్ టిక్ టిక్ టిక్... మెల్లగా నెమ్మదించి ఆగింది. "ఇప్పుడు చెయ్యి" అన్నాను.

మొదటి తిప్పుకే అందుకొంది. "పంపు పాయింట్లు ఇవాళే శుభ్రం చేసుకో, మళ్ళీ పడుతుంది" అని చెప్పాను. తలూపాడు గాని విన్నాడో లేదో. వాళ్ళ నాన్నగారు నా పంచెకంటిన మరకను చూసి చాలా నొచ్చుకొన్నారు. మా ఆవిడ మరక కన్నా ఎక్కువగా, ఆ బండి శబ్దం వింటూ నేను నిలబడ్డ తీరు చూసి భయపడింది. ఇంకొకటి కొంటానేమోనని.